అడుగు వేయకుండా ఆర్కే బీచ్ చుట్టి రావడం ఎలా?

డిసెంబరు రాగానే విశాఖలో ప్రతి కాలనీకీ నడక పిచ్చి పడుతుంది. రిటైరైన మాస్టారు ఒకరు వాట్సాప్‌లో ప్రకటిస్తారు: "ఆదివారం తెల్లవారుజామున అయిదున్నరకి కాళీమాత గుడి దగ్గర కలుద్దాం. బీచ్ రోడ్డు వెంట తెన్నేటి పార్కు దాకా. అక్కణ్ణుంచి అప్పూఘర్, ఎంవీపీ కాలనీ, పెదవాల్తేరు, యూనివర్సిటీ, సిరిపురం మీదుగా మళ్లీ బీచ్‌కి. పిల్లాపెద్దా అందరూ రావాలి." మొత్తం 13 కిలోమీటర్లకు అటూ ఇటూ. సగం సముద్రం గాలికి, సగం ఊరి పొగకి.

ఇలాంటి నడకలో నడిచేవాళ్లు వేరు, పేరు తెచ్చుకునేవాళ్లు వేరు. ఈ రెండోరకం వాళ్ల కోసమే ఈ చిట్కాలు. శ్రద్ధగా పాటించండి. ఫలితం తప్పదు.

1. అందరికంటే ముందు "నేను రెడీ" అని పెట్టండి. కింద బొటనవేలి బొమ్మలు రెండు వేయండి. రాత్రి పదకొండుకి "ఎవరైనా ఆలస్యంగా వస్తే ఊరుకోను" అని ఇంకోటి పెట్టండి. రేపు పొద్దున్న ఆలస్యమయ్యేది మీకే. ఇంత గట్టిగా హెచ్చరించిన మనిషిని ఎవరు అనుమానిస్తారు?

ఏదో ఒక బాధ్యత కూడా నెత్తిన వేసుకోండి. దారి చూపించే బాధ్యత మాత్రం వద్దు, దానికి ముందు నడవాలి. మంచినీళ్ల బాధ్యతా వద్దు, దానికి మోయాలి. టిఫిన్ బాధ్యత తీసుకోండి. టిఫిన్ చివర్న ఉంటుంది. దాని ఏర్పాట్లు చూసే మనిషి మధ్యలో ఎక్కడ మాయమైనా "పాపం, టిఫిన్ పని మీద వెళ్లుంటాడు" అనుకుంటారు.

2. అయిదున్నరకి లేవండి. అంటే అయిదున్నరకి ఫోన్ మోగినప్పుడు కళ్లు తెరవండి, అంతే. "ఏటి బాబూ, ఎక్కడున్నావు?" అని మాస్టారు అడుగుతారు. సీలింగ్ ఫ్యాన్ అయిదులో పెట్టి, ఫోన్ పైకెత్తి, "వచ్చీసాను మాస్టారూ, బండి మీదున్నాను, గాలికి వినపట్టం లేదు!" అని అరవండి. చలికాలంలో ఫ్యాన్ వేసినందుకు పక్క దుప్పట్లోంచి మీ ఆవిడ తిట్లు వినిపిస్తాయి. అది ట్రాఫిక్ అని చెప్పండి. ఆ వేళకి ఊళ్లో ట్రాఫిక్ ఏముంటుందని మాస్టారు ఆలోచించేలోపు ఫోన్ పెట్టేయండి.

డిసెంబరు నడుమ విశాఖలో సూర్యోదయం ఆరుంబావు దాటాక అవుతుంది. గుంపు అంత పొద్దున్నే రావడానికి సగం కారణం ఆ దృశ్యమే. మీ కోసం కాళీమాత గుడి మెట్ల దగ్గర నిలబడి, రోడ్డు వైపు చూస్తూ, వీపు వెనక జరిగే సూర్యోదయాన్ని వాళ్లు చూడలేకపోయేటట్టు సమయం చూసుకుని చేరండి. చేరగానే ఆకాశం చూసి "అయ్యో, అయిపోయిందా? ఇంకాస్త ముందు పెట్టుకోవాల్సింది" అనండి.

3. మంకీ క్యాప్, స్వెట్టర్, మఫ్లర్, చేతికి గ్లవ్స్. ఇవన్నీ తప్పనిసరి. విశాఖ చలి పొద్దు రెండు బారలెక్కేసరికి చొక్కా తడిసే ఉక్కపోతగా మారుతుందని తెలియనట్టు ఉండండి. ఎనిమిదింటికి ఒక్కొక్కటే విప్పి ఒక్కొక్కరికి ఇవ్వండి. స్వెట్టర్ తోడల్లుడికి, మఫ్లర్ పక్కింటి పిన్నిగారికి. మీ బట్టలు అందరి చేతుల్లో ఉంటే మిమ్మల్ని వదిలేసి ముందుకు పోలేరు.

4. గుంపులో అయ్యప్ప దీక్షలో ఉన్న స్వామి ఒకరు కచ్చితంగా ఉంటారు. నల్లబట్టలు కట్టుకుని, చెప్పుల్లేకుండా, అందరికంటే ముందు. ఆయన పక్కన నడవకండి. కంకర మీద వట్టికాళ్లతో పోయే మనిషి పక్కన నిలబడి "కొత్త బూటు కరిచింది" అంటే వినే నాథుడుండడు.

5. ఇప్పుడు అసలు విద్య. నడకని ఆపాలంటే అలసిపోయానని చెప్పకూడదు. అలా అంటే పక్కకి కూర్చోబెట్టి పోతారు. నడకని ఆపాలంటే విజ్ఞానం పంచాలి.

బీచ్ రోడ్డు ఇందుకే కట్టినట్టు ఉంటుంది. కురుసుర జలాంతర్గామి దగ్గరికి రాగానే గుంపుకి అడ్డంగా నిలబడి చెయ్యెత్తండి. సోవియట్ యూనియన్‌లో కట్టారని, 1969 డిసెంబరులో నౌకాదళంలో చేరిందని, 2001లో విరమించిందని, పొడవు 91 మీటర్లని, సముద్రంలోంచి దాన్ని ఇసుక మీదికి లాగి 2002లో మ్యూజియం చేశారని మొదలుపెట్టండి. ఇవన్నీ నిజాలే కాబట్టి ఎవరూ మధ్యలో ఆపలేరు. అబద్ధం చెబితే మాస్టారు సరిదిద్ది నడక సాగిస్తారు. నిజం చెబితే వినక తప్పదు.

అది పూర్తవగానే రోడ్డు అవతలికి తిరగండి. అక్కడ టీయూ-142 విమానం ఉంది. అంత పెద్ద విమానం అరక్కోణం నుంచి ఇక్కడికి ఎలా వచ్చిందని పిల్లల్ని అడగండి. ఎగురుకుంటూ వచ్చి విశాఖలో దిగిందని, విడదీసి ముక్కలుగా తెచ్చి ఇక్కడ మళ్లీ బిగించారని, 2017 డిసెంబరులో రాష్ట్రపతి ప్రారంభించారని చెప్పండి. తర్వాత 1971 యుద్ధం, విశాఖ తీరాన మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ, డిసెంబరు 4న నేవీ డే, 1996లో కట్టిన విక్టరీ ఎట్ సీ స్మారకం. యుద్ధంలో మన గెలుపు గురించి మాట్లాడుతుంటే "ఇక పదండి" అనే ధైర్యం ఎవరికుంటుంది?

చివరగా పెద్ద దెబ్బ కొట్టండి: "ఇంత దూరం వచ్చి లోపల చూడకపోతే ఎలా? తెరిచేదాకా ఆగుదాం." అంత పొద్దున్నే మ్యూజియం తెరవరని మీకు తెలుసు. పిల్లలకి తెలియదు. వాళ్లు ఏడుపు లంకించుకుంటారు. ఇక ఆపే పని మీది కాదు.

6. పాఠం వినేవాళ్లు కరువైతే ఒకే ప్రశ్న చాలు. గుంపులో పెద్దావిడ ఎవరినైనా చూసి "అత్తయ్యగారూ, హుద్‌హుద్ రోజు మీరెక్కడున్నారు?" అని అడగండి.

2014 అక్టోబరు 12న విశాఖలో ఉన్న ప్రతి మనిషి దగ్గరా ఒక తుపాను ఉంది. కిటికీ అద్దాలు ఎలా పగిలాయో, ఎన్ని రోజులు కరెంటు లేదో, పాల ప్యాకెట్టు ఎంతకి కొన్నారో చెప్పకుండా ఎవరూ ఊరుకోరు. చెప్పేటప్పుడు నడవరు కూడా, ఎందుకంటే ఆ గాలి ఎంత జోరుగా వచ్చిందో చూపించడానికి రెండు చేతులూ కావాలి, నిలబడటానికి చోటు కావాలి. ఒకరు ముగించగానే ఇంకొకరు "అదేం చూశారు, మా మేడ మీద ట్యాంకు..." అని అందుకుంటారు. ఈ లోపల మీరు మెల్లగా రోడ్డు పక్క గోడ మీద కూర్చోండి. మురీ మిక్స్చర్ బండి ఉంటే ఇంకా మంచిది. పొద్దున్నే ఉండదు, అదొక్కటే లోటు.

7. వుడా పార్కు పేరు మారినా ఊరు ఇంకా అలాగే పిలుస్తోంది. మీరూ మారాల్సిన పని లేదు. గేటు కనపడగానే లోపలికి దూరండి. "బయట రోడ్డు మీద నడిచే కంటే లోపల చెట్ల కింద నడుద్దాం, ఆరోగ్యం" అనండి. పార్కులో నడక అంటే చుట్టూ తిరిగి బయల్దేరిన చోటికే రావడం. మిగతావాళ్లు ఆ చుట్టు తిరిగి వచ్చేదాకా బెంచీ మీద వాళ్ల సామాన్లకు కాపలా ఉండండి. సామాన్లు ఏమున్నాయని అడిగితే మీ స్వెట్టర్ చూపించండి.

8. పార్కు దాటాక పెద జాలారిపేట. నా లెక్కలో ఈ దారి మొత్తానికీ ఇదే పుణ్యస్థలం.

పొద్దున్నే పడవలు ఒడ్డుకొచ్చే వేళ. వంజరం గానీ చందువా గానీ ఒకటి కొనండి. బేరమాడండి, ఎంతసేపైనా ఆడండి, చేప తాజాదో కాదో మొప్ప ఎత్తి చూడండి. కొన్నాక ఒక్కసారిగా ముఖం మార్చండి: "అయ్యో, ఎండెక్కుతోంది, ఇది పాడైపోతుందే!" ఇక ఇంటికి పరుగెత్తక తప్పదు. ఇంతకంటే గౌరవంగా గుంపులోంచి బయటపడే దారి నాకు ఇప్పటిదాకా కనపడలేదు. మోకాలు నొప్పి అంటే అనుమానిస్తారు, కడుపునొప్పి అంటే మందు ఇస్తారు. చేపకి మందు లేదు.

బయల్దేరే ముందు ఫోన్ తీసి గుంపులో అందరికంటే ఎక్కువ గెంతే పిల్లాడి జేబులో వేయండి. "బాబాయికి అడుగులు లెక్కపెట్టి పెట్టు నాన్నా, చాక్లెట్ కొనిపెడతా." వాడు మీ తరఫున నడుస్తాడు, దూకుతాడు, కుక్కని తరుముతాడు. అడుగులన్నీ మీ ఖాతాలోకే వస్తాయి. ఫోన్ వాడి దగ్గర ఉంది కాబట్టి ఎవరూ మిమ్మల్ని పిలవలేరు. ఇదొక అదనపు సుఖం.

ఆటోవాడికి ఫోన్‌పే చేయడం కుదరదు, నిజమే. ఇంటి ముందు ఆపించి, లోపలికెళ్లి మీ ఆవిడని రెండోసారి నిద్ర లేపి డబ్బులడగండి. నడకకి పోయినవాడు ఆటోలో ఎందుకొచ్చాడు, ఫోన్ ఏదీ, మార్గశిరంలో మాంసాహారం ముట్టనని మొక్కుకున్న అత్తగారు ఇంట్లో ఉండగా ఈ చేప ఏమిటి అని మూడు ప్రశ్నలు వస్తాయి. మూడింటికీ ఒకే జవాబు: "ఆటో వెయిటింగ్‌లో ఉంది." ఆ తర్వాత హాయిగా ఓ గంట పడుకోండి, నిద్ర పడితే.

9. శాకాహారులకు వేరే దారి ఉంది. తెన్నేటి పార్కు దాకా ఎలాగో రండి, అక్కడ కూర్చుండిపోండి. 2020 అక్టోబరులో బంగ్లాదేశ్ సరుకు ఓడ ఒకటి వాయుగుండం గాలికి కొట్టుకొచ్చి సరిగ్గా ఆ రాళ్ల దగ్గరే చతికిలపడింది. "అంత ఓడే ఇక్కణ్ణుంచి కదల్లేకపోయింది, నేనెంత?" అనండి. నవ్వుతారు. నవ్వించిన మనిషిని లేపి నడిపించడం మర్యాద కాదు కదా, వాళ్లే ముందుకు పోతారు. పైకి చూస్తే కైలాసగిరి, రోప్‌వే. "మీరు పదండి, నేను పైనుంచి మీకు చెయ్యి ఊపుతాను" అని చెప్పి టికెట్ కౌంటర్ వైపు తిరగండి. అది తెరవడానికీ ఇంకా వేళ ఉంటుంది. పరవాలేదు, ఎదురుచూడటంలో శ్రమ లేదు.

ఎవరైనా "పదివేల అడుగులైనా వేయకపోతే ఎలా?" అని గదిమితే, ఆ సంఖ్య డాక్టర్లు తేల్చింది కాదనీ, 1965లో జపాన్‌లో ఒక కంపెనీ అడుగులు లెక్కపెట్టే పరికరం అమ్ముకోవడానికి పెట్టిన పేరులో ఉందనీ చెప్పండి. ఇది నిజమే. 2019లో అమెరికాలో జరిగిన ఒక అధ్యయనంలో రోజుకి 4,400 అడుగులు వేసినవాళ్లకి కూడా మేలు కనిపించిందని కలపండి. ఇదీ నిజమే. అది సగటున 72 ఏళ్ల వయసున్న స్త్రీల మీద చేసిన అధ్యయనమని, 7,500 దాకా అడుగులు పెరిగేకొద్దీ మేలూ పెరిగిందని మాత్రం నోరు జారకండి.

10. నిద్ర లేచాక ఎంవీపీ రైతు బజార్‌కి రండి. గుంపు అటు నుంచి చెమటలు కక్కుతూ వస్తుంది. వాళ్లకి ఎదురెళ్లి "మీకోసం ఎంతసేపట్నుంచి చూస్తున్నాను! ఇంత మెల్లగా నడిస్తే ఎలా?" అని కసరండి. ముందు ఎవరు మాట్లాడితే వాళ్లదే న్యాయం.

వాళ్లొచ్చేలోపు కొనుగోళ్లు పూర్తయి ఉండాలి. చలికాలం కూరలకి కొదవేముంది? చిక్కుడుకాయలు, కాలీఫ్లవర్, ముల్లంగి, ఒక కట్ట తేగలు, సంక్రాంతి దప్పళానికి ముందుచూపుతో ఒక నిండు గుమ్మడికాయ. గుమ్మడికాయ మర్చిపోకండి, అసలు మెలిక అందులోనే ఉంది. సంచీలు చిన్నవాళ్లకి పంచవచ్చు. గుమ్మడికాయని మాత్రం కొత్తగా పెళ్లయి కాలనీకి వచ్చిన అల్లుడుగారి చేతిలో పెట్టండి. "ఒక్క నిమిషం పట్టుకోండి అల్లుడుగారూ, బూటు లేసు కట్టుకుంటాను." మామగారి ఎదుట ఆయన కాదనలేడు. లేసు సిరిపురం దాకా కట్టుకోండి.

ఇక్కణ్ణుంచి అడ్డదారి మీకు తెలుసని ప్రకటించే సమయం కూడా ఇదే. ఎంవీపీలో ఏ సెక్టార్ వీధి చూసినా ఇంకో సెక్టార్ వీధిలాగే ఉంటుంది. ఎడమ, మళ్లీ ఎడమ, మళ్లీ ఎడమ తిప్పండి. గుంపు మళ్లీ రైతు బజార్ ముందు తేలుతుంది. "చూశారా, ఎంత దగ్గరో!" అనండి. గుమ్మడికాయ మోస్తున్న అల్లుడుగారి ముఖం చూడకండి.

11. పెదవాల్తేరు దాటాక యూనివర్సిటీ. 1926లో మొదలైంది. ఇక్కడ చదువుకున్నవాళ్లు గుంపులో నలుగురైనా ఉంటారు. వాళ్లని ఒక చెట్టు కింద వదిలేయండి. మీరేం చేయక్కర్లేదు.

12. సిరిపురంలో టిఫిన్. మీ బాధ్యత గుర్తుందిగా? ఏర్పాట్లేమీ చేయకండి. ఇరవైమందిని వెంటబెట్టుకుని ఆదివారం తొమ్మిదిన్నరకి ఏ హోటల్‌కైనా వెళ్లి చోటు లేదనిపించుకోండి. అందరూ నిలబడి ఉండగా మీకు ఒక్క కుర్చీ దొరుకుతుంది, ఎందుకంటే ఒంటి మీద ఒక్క చెమట చుక్క లేకుండా తాజాగా ఉన్న మనిషి ఆ గుంపులో మీరొక్కరే. సర్వరు మిమ్మల్ని ఆ గుంపుకి చెందిన మనిషి అనుకోడు. పెసరట్టు ఉప్మా చెప్పండి. అల్లం చట్నీ రెండోసారి అడగండి.

బిల్లు వచ్చేటప్పుడు జేబులు తడుముకోండి. ఫోన్ పిల్లాడి దగ్గర ఉంది. పిల్లాడు వాళ్ల నాన్నతో యూనివర్సిటీ చెట్టు కిందే ఉన్నాడు. మీరు నిజమే చెబుతున్నారు కాబట్టి గొంతు వణకదు. మాస్టారు పెన్షన్ డబ్బుల్లోంచి కడతారు.

13. అందరూ బీచ్‌కి దిగి గ్రూప్ ఫొటోకి నిలబడతారు. నడుమ నిలబడండి. స్వామి పక్కన, మాస్టారి భుజం మీద చెయ్యి వేసి. చేతిలో గుమ్మడికాయ ఉంటే శ్రమకి సాక్ష్యంగా ఉంటుంది, ఫొటో వరకూ అల్లుడుగారి దగ్గర తీసుకోండి, తర్వాత తిరిగి ఇచ్చేయండి.

14. ఇంటికొచ్చి ఫోన్‌లో అడుగుల లెక్క తీసి గ్రూపులో పెట్టండి. పిల్లాడి పుణ్యమా అని అది అందరికంటే ఎక్కువ ఉంటుంది. కింద "ఆరోగ్యమే మహాభాగ్యం" అని రాయండి. ఎవరూ బదులివ్వకపోతే అసూయ అనుకోండి. అల్లుడుగారు గ్రూపులోంచి వెళ్లిపోయినట్టు కనిపిస్తే ఎండదెబ్బ అనుకోండి. సాయంత్రానికి మీ పేరు కూడా గ్రూపులో లేదని తెలిస్తే సాంకేతిక లోపం అనుకోండి.

వచ్చే ఆదివారం వాళ్లు ఇంకో గ్రూపు పెట్టుకుంటారు, అందులో మీరుండరు. ఇది మీరు సాధించిన విజయం. ఇక తెల్లవారుజామున ఫోన్ మోగదు, ఫ్యాన్ వేయక్కర్లేదు. అయితే టిఫిన్ ఎక్కడో తెలియకుండా పోతుంది, ఆ నష్టం ఒక్కటి పూడ్చుకోవాలి. మీ బావమరిదికి నడక అలవాటు చేయించండి, వాడిని ఆ గ్రూపులో చేర్పించండి, బూట్లు కూడా మీరే కొనిపెట్టండి. హోటల్ పేరు తెలియగానే మీకు మెసేజ్ పెట్టాలని, మీరు తొమ్మిదింబావుకే వెళ్లి కిటికీ పక్క బల్ల పట్టేస్తారని ముందే ఒప్పందం చేసుకోండి.